బందరు రోడ్డు వెంట మన ఊరి మేళాలు

విజయవాడ చరిత్ర వ్రాసేవారు సాధారణంగా కొండగుహలతోనో, శాసనాలతోనో మొదలుపెడతారు. అది పండితుల పని. మేము బడిపంతుళ్ళము గనుక మాకు తెలిసిన దారిన మొదలుపెడతాము. మన ఊరికి ఎవరెవరు వచ్చినారు, ఎందుకు వచ్చినారు, వచ్చినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టినాము అన్నదే ఈ వ్యాసం. తమాషా ఏమిటంటే, ఈ లెక్క తీసుకుంటూ పోతే నూరేళ్ళ చరిత్రలో సగానికి సగం ఒక్క బందరు రోడ్డు మీదనే కనబడుతుంది. మిగతా సగం కృష్ణ ఒడ్డున ఉంటుంది.

హైదరాబాదు, మద్రాసు నగరాల పక్కన పెడితే మనది మధ్యరకం ఊరు. 1888లో మునిసిపాలిటీ అయింది. కార్పొరేషన్ కావడానికి 1981 దాకా ఆగవలసి వచ్చింది. 2011 జనాభా లెక్కలలో పది లక్షలు దాటింది. రాజుల కోట లేదు, నవాబుల దేవిడీ లేదు, సముద్రం లేదు. మరి ఇంత పెద్ద పెద్ద సభలు, ఉత్సవాలు ఇక్కడికే ఎందుకు వచ్చినవి? సమాధానం రైల్వే స్టేషన్‌లో ఉన్నది. 1889లో నిజాం రైలు సికిందరాబాదు నుంచి బెజవాడకు చేరింది. 1899లో మద్రాసుకు పెద్ద లైను పడింది. మద్రాసు నుంచి కలకత్తా పోవాలన్నా, హైదరాబాదు నుంచి కోస్తాకు దిగాలన్నా బెజవాడ తగలవలసిందే. పగలు బయలుదేరితే రాత్రికి, రాత్రి బయలుదేరితే తెల్లారేసరికి ఏ మూల నుంచి అయినా జనం దిగుతారు. దిగిన జనానికి తాగేందుకు కాలువల్లో నీళ్ళు, కూర్చునేందుకు ఖాళీ జాగా, తినేందుకు డెల్టా బియ్యం. మేళాకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1852 నుండి 1855 వరకు కట్టిన పాత ఆనకట్ట దాదాపు నూరేళ్ళు పనిచేసి 1952లో తెగిపోయింది. దాని స్థానంలో వచ్చినదే ప్రకాశం బ్యారేజీ. 1957 డిసెంబరు 24న దాని మీద రాకపోకలు మొదలైనవి. పొడవు 1223 మీటర్ల పైచిలుకు. మన ఊరి ఉత్సవాలలో చాలా వాటికి ఈ బ్యారేజీ ఎగువన నిలిచిన నీరే వేదిక. ఆ మాటకు తర్వాత వస్తాము.

మొదట 1921 సంగతి. ఆ సంవత్సరం మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ బెజవాడలో సమావేశమైంది. గాంధీజీ వచ్చినారు. ఖిలాఫత్, సహాయనిరాకరణ రెండూ ఒకే గొంతుతో నడుస్తున్న రోజులవి. ఈ సమావేశంలో చేసిన తీర్మానం దేశమంతటికీ బెజవాడ కార్యక్రమంగానే తెలుసు. జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలి, కాంగ్రెసులో కోటి మందిని చేర్చాలి, 20 లక్షల రాట్నాలు తిరగాలి. బండ్లు, రైళ్ళు, కాలినడక, ఎలా వీలైతే అలా జనం వచ్చినారు. అప్పటి బెజవాడ ఎంత? ఒక చిన్న మునిసిపాలిటీ. స్థానికంగా ఈ భారం మోసినవారిలో ముఖ్యులు అయ్యదేవర కాళేశ్వరరావు గారు. తర్వాత 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరు అయింది ఆయనే. ఈనాడు మన ఇంట్లో ఆడవాళ్ళు కూరలకు పోయే కాళేశ్వరరావు మార్కెట్ ఆయన పేరు మీదిదేనని పిల్లలకు చెప్పి చూడండి, ఆశ్చర్యపోతారు.

ఆ రోజుల్లోనే పింగళి వెంకయ్య గారు తాను గీసిన పతాకం నమూనాను గాంధీజీకి చూపించినారు. వెంకయ్య గారిది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. 1916లోనే జాతీయ పతాకం మీద ఒక పుస్తకం వేసినారు. లాహోరు వెళ్ళి ఉర్దూ, జపాను భాషలు నేర్చిన మనిషి. ఉర్దూ పంతుళ్ళము గనుక ఈ మాట కాస్త గట్టిగానే చెప్పుకుంటున్నాము, ఏమీ అనుకోవద్దు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు గుర్తుగా వేస్తే, మిగతా మతాలవారి కోసం తెలుపు కూడా చేర్చమని గాంధీజీ చెప్పినారు. నడుమ రాట్నం ఉండాలన్నది లాలా హంసరాజ్ గారి ఆలోచన. బందరు రోడ్డు మీద విక్టోరియా జూబిలీ భవనం ఉన్నది గదా, 1887లో పునాది వేసినది, ఈనాడు బాపు మ్యూజియం అంటున్నాము, ఆ ఆవరణలోనే ఈ పతాకం అందజేసినారని చెప్తారు. మేము ప్రతి ఏడూ పిల్లలను అక్కడికి తీసుకుపోతుంటాము. రాణీగారి జూబిలీ కోసం కట్టిన ఇంట్లోనే ఆ రాణీగారి రాజ్యాన్ని పంపించే జెండా పుట్టిందంటే పిల్లలు నవ్వుతారు. చరిత్ర పాఠంలో పిల్లలు తమంతట తాము నవ్వే సందర్భాలు తక్కువ. అందుకని ఈ ఒక్కదాన్నీ మేము వదలము.

రాజకీయ సభల సంగతి ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాము. భారత కమ్యూనిస్టు పార్టీ 6వ మహాసభ 1961 ఏప్రిల్‌లో ఇక్కడ జరిగింది. రష్యా నుంచి సుస్లోవ్ గారు వచ్చినారు. మహాసభ నడుస్తుండగానే, ఏప్రిల్ 12న, యూరీ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళినట్లు కబురు వచ్చింది. భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి కబురును ఆ దేశపు పెద్దల పక్కన కూర్చుని విన్న ఊరు మనది. 1982 జనవరిలో మార్క్సిస్టు పార్టీ వారి 11వ మహాసభ, 2022 అక్టోబరులో మళ్ళీ సీపీఐ వారి 24వ మహాసభ ఇక్కడే జరిగినవి. ఏ పార్టీ మంచిది, ఏది కాదు అన్నది ఈ సావనీరు విషయం కాదు. అందరికీ ఈ ఊళ్ళో చోటు దొరికింది అన్నంతవరకే మా మాట.

ఇక పాటల దగ్గరకు వద్దాము. త్యాగరాజస్వామి శిష్య పరంపరలోని సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. బెజవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలకు పేరు తెచ్చినవారిలో వీరు ముఖ్యులు. వీరి దగ్గర నేర్చుకున్న ఒక పిల్లవాడు ఎనిమిదేళ్ళ వయసులో ఈ ఆరాధనలోనే మొదటి కచేరీ చేసినాడు. విన్న హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు ఆ మురళీకృష్ణ పేరుకు ముందు 'బాల' అన్న మాట చేర్చినారు. ఆ బాలమురళి ప్రపంచమంతా తిరిగినా, ఎనభై దాటినా బాలమురళిగానే ఉండిపోయినాడు. పేరు పెట్టింది బెజవాడ.

1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. అదీ బందరు రోడ్డు మీదనే, పున్నమ్మతోటలో. బాలమురళి గారు, వోలేటి వెంకటేశ్వర్లు గారు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు, అన్నవరపు రామస్వామి గారు, ఇటువంటి మహానుభావులు అక్కడ ఉద్యోగాలు చేసినారు. ఊళ్ళో సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాలు బాలమురళి గారే. రేడియో వచ్చిన తర్వాత బెజవాడ కచేరీకి గోడలు లేకుండా పోయినవి. టిక్కెట్టు కొనలేనివాడు, హాలు లోపలికి పోయేందుకు బెరుకుపడేవాడు కూడా తెల్లవారుజామున భక్తిరంజని విన్నాడు. ఫజర్ నమాజు చదివి ఇంటికి వస్తుంటే పక్క ఇంటి కిటికీలోంచి ఆ పాట వినబడేది. ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. మా చిన్నతనంలో అది పొద్దున పాలవాడి గంట వంటిది, అంతే.

ఈ సందర్భంలో నాదస్వరం మాట చెప్పకపోతే మన పెద్దలకు అన్యాయం చేసినవాళ్ళమవుతాము. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో దేవాలయ ఉత్సవాలకు తరతరాలుగా నాదస్వరం వాయించిన ముస్లిం కుటుంబాలు ఉన్నవి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ ఆ ఇళ్ళలోని వాడే. తర్వాత శ్రీరంగం వెళ్ళి స్థిరపడినారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు, 1999లో కాలం చేసినారు. షేక్ మహబూబ్ సుబానీ గారికి, ఆయన భార్య కాలీషాబీ గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. దేవుడి పెళ్ళికి వాయించి, ఇంటికి వచ్చి నమాజు చేసుకున్న ఈ మనుషులను రెండు పక్కలవాళ్ళూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగేవాళ్ళు కొందరు తయారైనారు. అడిగేవాళ్ళు ఒక్కసారి చినమౌలానా గారి రికార్డు పెట్టుకుని వింటే బాగుండునని మా అభిప్రాయం.

మేళా అంటే వేదిక ఎక్కినవాడొక్కడేనా? షామియానా వేసేవాడు, మైకుసెట్టు తెచ్చేవాడు, లైట్లు కట్టేవాడు, బ్యాండువాడు, రిక్షా తొక్కేవాడు, డేగిసా దించేవాడు, వీళ్ళు లేకుండా ఏ సభా జరగదు. పాతబస్తీలో, వించిపేటలో, తారాపేటలో ఈ పనులు చేసి బ్రతికిన ఇళ్ళు ఎన్నో. ఎవరి ఉత్సవం అని చూసి వాళ్ళు గుంజలు పాతలేదు. పంజా సెంటరు పేరు వింటే మాకు పీర్ల పండుగే గుర్తుకొస్తుంది. దసరాకు లైట్లు కట్టినవాడే పీర్లకూ కట్టినాడు, గుణదలకూ కట్టినాడు. చరిత్ర పుస్తకాలలో వీళ్ళ పేర్లు లేవు. కూలి లెక్కల పుస్తకాలలో ఉండి ఉంటవి, కాని అవి ఎవరు దాచినారు?

గుణదల అన్నాము గనుక, అది కూడా చూద్దాము. 1924లో అక్కడి అనాథ శరణాలయం అధికారిగా ఉన్న ఫాదర్ అర్లాటి గారు కొండ మీద మేరీమాత విగ్రహం పెట్టించినారు. కింద ఉన్న పెద్ద చర్చి 1971లో తయారైంది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో తిరునాళ్ళు. కొబ్బరికాయలు కొట్టడం, తలనీలాలు ఇవ్వడం అక్కడ కూడా ఉన్నది. లూర్దు మాత ఫ్రాన్సు నుంచి వచ్చి కృష్ణా జిల్లా పద్ధతి నేర్చుకున్నదన్నమాట. అలాగే ఊళ్ళోని హజ్రత్‌బల్ మసీదులో పవిత్ర అవశేషాన్ని ఏడాదికి ఒకసారి దర్శనానికి పెట్టినప్పుడు ముస్లిమేతరులు కూడా వరుసలో నిలబడతారు.

అన్నిటికంటే పెద్ద పండుగ మాత్రం ఇంద్రకీలాద్రి మీద దసరాయే. ఇందులో వాదం లేదు. రోజుకొక అలంకారం. మూలా నక్షత్రం నాడు సరస్వతీ అలంకారం, ఆ రోజు జనం ఇసుక వేస్తే రాలరు. చివరి రోజు సాయంత్రం కృష్ణలో హంసవాహనం మీద తెప్పోత్సవం. బ్యారేజీ మీద, ఘాట్ల మీద నిలబడి చూస్తారు. కృష్ణకు వరద ఎక్కువగా ఉన్న కొన్ని సంవత్సరాలలో, 2020లో కూడా, తెప్పను నదిలో తిప్పకుండా ఒడ్డుననే ఉంచి పూజ జరిపించినారు. దసరా అయిపోయిందనుకునేసరికి చలికాలంలో ఎర్రబట్టలు కట్టిన భవానీలు దీక్ష విరమించేందుకు వస్తారు. ఆ రోజుల్లో వన్‌టౌన్ అంతా ఎరుపే. మన దుకాణాలవాళ్ళకు ఆ వారం రోజుల బేరం ఏడాదిలో మూడు నెలల బేరమని వాళ్ళే అంటుంటారు. అంటే పండుగ కొండ మీద, గిరాకీ కొండ కింద.

పన్నెండేళ్ళకొకసారి పుష్కరాలు. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశిస్తే కృష్ణకు పుష్కరం. 1980, 1992, 2004, 2016. చివరిది 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగింది. రాష్ట్రం విడిపోయి రెండేళ్ళు, రాజధాని పక్కనే వస్తున్నదన్న ఉత్సాహం, అందుచేత హంగామా ఎక్కువగానే చేసినారు. పద్మావతి, కృష్ణవేణి, దుర్గా, పున్నమి, భవానీ అని ఘాట్లు విస్తరించినారు. అంతకు ముందు సంవత్సరం పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్ళు కృష్ణకు చేరినవి. ఆ కలిసే చోట ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం అని ఘాటు కట్టినారు. ఇబ్రహీంపట్నంలో పవిత్ర సంగమం! ఈ రెండు మాటలూ పక్కపక్కన పలికి చూడండి, మన ఊరి స్వభావం అందులో ఉన్నది.

అయితే అతిథుల కోసం ఇల్లు సర్దేటప్పుడు ఇంటివాళ్ళ సామాను బయటపడేస్తారు. 2016లో రోడ్ల వెడల్పు కోసం ఊళ్ళో ఎన్నో గుళ్ళు తొలగించినారు. వాటిని నమ్ముకున్నవాళ్ళు బాధపడినారు, మేము చూసినాము. వాటిలో కొన్నిటిని తిరిగి కట్టేందుకు 2021 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అంటే నాలుగేళ్ళ పైన పట్టింది. పన్నెండు రోజుల పండుగ కోసం పోయినది తిరిగి మొదలు కావడానికే ఇంత కాలం పడితే, ముందే కాస్త ఆలోచించి ఉండవలసింది అని అనక తప్పదు. గుడి అయినా మసీదు అయినా వీధి చివర ఉన్న చిన్నదాని మీదనే ముందు చెయ్యి పడుతుంది. ఎందుకంటే దాని తరఫున మాట్లాడేవాడు కూడా చిన్నవాడే.

ఆటల సంగతికి వస్తే ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం. అదీ బందరు రోడ్డే. 2002 నవంబరు 24, ఆదివారం. భారత్, వెస్టిండీస్ జట్ల మధ్య ఏడు వన్డేల సిరీస్. ఆరు మ్యాచ్‌లు అయ్యేసరికి మూడు మూడు. తేల్చే మ్యాచ్ మన ఊరికి వచ్చింది. మా ఈడువాళ్ళకు అది మరిచిపోయే రోజు కాదు. అప్పుడు ఇరవై ఏళ్ళు అటూ ఇటూగా ఉన్నాము. టిక్కెట్టు దొరకనివాళ్ళు స్టేడియం చుట్టూ తిరిగినారు, లోపల కేక వినబడితే ఫోరా, వికెట్టా అని ఒకరినొకరు అడిగినారు. వెస్టిండీస్ 6 వికెట్లకు 315 కొట్టింది. మార్లన్ శామ్యూల్స్ అనే కుర్రవాడు 108 చేసి అవుట్ కాకుండా నిలిచినాడు. మనవాళ్ళు 180కే చాప చుట్టేసినారు. 135 పరుగుల ఓటమి, సిరీస్ 4-3తో పోయింది. సాయంత్రం బందరు రోడ్డు మీద జనం తలలు దించుకుని నడిచినారు. అయినా ఒక మాట చెప్పాలి. పరాయి జట్టు కుర్రవాడు సెంచరీ కొట్టినప్పుడు మన స్టేడియం చప్పట్లు కొట్టింది. ఓడిపోయిన రోజున అది గుర్తుంచుకోవలసిన సంగతి.

పురుషుల వన్డే అంతర్జాతీయ మ్యాచ్ ఆ స్టేడియంలో అదొక్కటే. విశాఖపట్నంలో కొత్త స్టేడియం తయారై, 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన తర్వాత పెద్ద క్రికెట్ అటే పోయింది. వాళ్ళకు విశాలమైన స్టేడియం ఉన్నది, మనకు ఊరి నడుమ ఇరుకు. అసూయపడి లాభం లేదు. కాని ఆడపిల్లల క్రికెట్ మన పక్కకు వచ్చింది. 2016 నవంబరులో వెస్టిండీస్ మహిళల జట్టు మూలపాడు మైదానంలో మూడు వన్డేలు, మూడు ట్వంటీ ట్వంటీలు ఆడింది. మిథాలీ రాజ్ నాయకత్వంలో మనవాళ్ళు వన్డేలు మూడూ గెలిచినారు. తర్వాత ట్వంటీలు మూడూ వాళ్ళు గెలిచినారు. మొదటి మ్యాచ్ నవంబరు 10న. అంతకు రెండు రోజుల ముందే పెద్ద నోట్లు రద్దయినవి. ఊరంతా బ్యాంకుల ముందు వరుసలో నిలబడి ఉంటే మ్యాచ్ ఎవరు చూస్తారు? ఈ మ్యాచ్‌ల గురించి మన ఊళ్ళోనే చాలామందికి తెలియదు. ఆడపిల్లలున్న ఇళ్ళలో దయచేసి చెప్పండి.

నీళ్ళ మీద ఆట కూడా చూసినాము. 2018 నవంబరు 16 నుంచి 18 వరకు పున్నమి ఘాటు, భవానీ ద్వీపం మధ్యన పవర్‌బోట్ల ప్రపంచ పోటీ జరిగింది. అంతకు ముందు ఈ పోటీ భారతదేశానికి వచ్చింది 2004లో బొంబాయికి. గంటకు 200 కిలోమీటర్లు దాటి పోయే పడవలు. మన పడవలవాళ్ళు వలలు పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని చూసినారు. 2024 అక్టోబరు 22న అదే పున్నమి ఘాటు దగ్గర 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు వేసినవి, ఐదు గిన్నిస్ రికార్డులు అన్నారు. మా పిల్లలు మర్నాడు తరగతిలో పాఠం విననేలేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. ఇంతవరకు చెప్పినవాటిలో స్టేడియానికి గోడ ఉన్నది, ఘాటుకు ఏర్పాట్లు ఉన్నవి, హాలుకు అద్దె ఉన్నది. ఇవేవీ లేకుండా ఎవరు పడితే వాళ్ళు వచ్చి కూర్చునే జాగా ఒకటి ఉండేది. బందరు రోడ్డు పక్కనే స్వరాజ్య మైదానం. పాతవాళ్ళు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అంటారు. పొద్దున నడిచేవాళ్ళు, తర్వాత రైతుబజారు, సాయంత్రం క్రికెట్ పిల్లలు. వేసవిలో ఎగ్జిబిషన్, రంగులరాట్నం, అప్పడం. ఎన్నికలప్పుడు సభలు. జనవరిలో పుస్తకాల పండుగ.

ఈ పుస్తకాల పండుగ మన ఊరికి తగిన పండుగ. విజయవాడ పత్రికలకు, పుస్తక ప్రచురణకు పుట్టిల్లు. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే మొదలైనవి. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలు రాష్ట్రమంతా తెలుసు. 1989లో పుస్తక మహోత్సవం మొదలైంది. కొత్త సంవత్సరం మొదటి తేదీ నుంచి పదకొండు రోజులు అన్నది ఆనవాయితీ అయిపోయింది. పుస్తకప్రియుల పాదయాత్ర అని పిల్లలూ పెద్దలూ కలిసి నడుస్తారు. పుస్తకం కోసం ఊరేగింపు తీసే ఊరు ఇంకొకటి మేము చూడలేదు. ఉర్దూ పుస్తకాల కోసం మేము ప్రతిసారీ వెదికేవాళ్ళము, దొరికినవి తక్కువ. కాని చేతిలో ఇరవై రూపాయలున్న పిల్లవాడు కూడా ఒక పుస్తకంతో బయటికి వచ్చేవాడు, అది చాలు. ఆ మైదానంలో దుమ్ము ఎంత తిన్నామో లెక్క లేదు.

2020లో ఆ మైదానంలో డాక్టర్ అంబేద్కర్ స్మృతివనానికి శంకుస్థాపన జరిగింది. 2024 జనవరి 19న ప్రారంభమైంది. 125 అడుగుల విగ్రహం, దాని కింద 81 అడుగుల పీఠం. అంబేద్కర్ గారి మీద మాకున్న గౌరవం ఎవరికీ తీసిపోదు. ఈ దేశంలో మనం నిలబడి నమాజు చేసుకుంటున్నా, ఉర్దూలో బడి నడుపుకుంటున్నా ఆయన రాసిన రాజ్యాంగం మీదనే నిలబడి ఉన్నాము. విగ్రహం ఊరికి గర్వకారణమే. మేము అడుగుతున్నది వేరు. ఒక మైదానం ఇంకొక పనికి ఇచ్చినప్పుడు దానికి బదులు మైదానం ఎక్కడ చూపించినారు? పుస్తక మహోత్సవం వేరే ఆవరణలకు మారుతూ పోయి 2025 జనవరిలో ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. మరుసటి నెల, ఫిబ్రవరి 15న, అదే స్టేడియంలో తలసేమియా పిల్లల సహాయం కోసం తమన్ గారి సంగీత విభావరి జరిగింది. గణతంత్ర దినం కవాతులు అక్కడే. రంజాన్ పండుగ నమాజు అక్కడే జరిగిన సంవత్సరాలు కూడా ఉన్నవి. ఒక్క గడ్డి మైదానం మీద మార్లన్ శామ్యూల్స్ బ్యాటు, పుస్తకాల దుకాణం, సినిమా పాట, మన సజ్దా, అన్నీ పడినవి. చెప్పుకోవడానికి బాగానే ఉన్నది. ఆటగాళ్ళను అడిగితే మాత్రం వాళ్ళు వేరే మాట చెప్తారు. ప్రతి సభకూ గుంటలు తవ్వితే పరుగెత్తేదెక్కడ?

మన సంఘానికి ఇది దూరపు సమస్య కాదు. ముషాయిరా పెడదామని ఆమధ్య నలుగురం కూర్చుని లెక్క వేసినాము. హాలు అద్దె, ఏసీ ఖర్చు, జనరేటరు, శుభ్రం చేసే డబ్బు కలిపితే కవులకు ఇవ్వాలనుకున్న దానికి మూడింతలు తేలింది. పూర్వం అయితే ఒక షామియానా, నాలుగు జంపఖానాలు, ఒక మైకు, టీ కాచే మనిషి. రాత్రి రెండు దాకా షేర్లు. టిక్కెట్టు లేదు, తలుపు లేదు. దారిన పోయే రిక్షావాడు కూడా ఆగి వాహ్వా అనేవాడు. తలుపున్న చోట అతను లోపలికి రాడు. మా స్కూలు పిల్లలను పోయిన ఏడాది ఒక పని చేయమన్నాము. తమ ఇంటి నుంచి నడిచి పోయేంత దూరంలో గోడ లేని ఆటస్థలం ఎక్కడున్నదో చూసి రాసుకు రమ్మన్నాము. సగానికి పైగా పిల్లలు ఖాళీ కాగితం తెచ్చినారు. ఒకడు మాత్రం మా మేడ అని రాసినాడు.

2028లో కృష్ణా పుష్కరాలు మళ్ళీ వస్తున్నవి. ఘాట్లు కడతారు, రోడ్లు వేస్తారు. ఆ ప్రణాళికలు వేసేటప్పుడు వార్డుల్లో అభిప్రాయాలు అడిగితే, మనవాళ్ళు వెళ్ళి పిల్లల కోసం, సభల కోసం ఒక్క ఖాళీ జాగా రాయించవలెను. అన్ని మతాల సంఘాలవారితో కలిసి పోతే మరీ మంచిది. ఈ విషయంలో వాళ్ళ అవసరం మన అవసరం ఒకటే.

చివరగా సభ్యులకు ఒక మనవి. ఈ వ్యాసం రాయడానికి కూర్చుంటే మన ఇళ్ళలో ఎంత చరిత్ర పెట్టెల అడుగున పడి ఉన్నదో తెలిసింది. 2002 మ్యాచ్ టిక్కెట్టు ముక్క గానీ, పాత పుష్కరాలలో లైట్లు కట్టినప్పటి ఫొటో గానీ, షామియానా కంపెనీ రసీదు పుస్తకం గానీ, ముషాయిరా కరపత్రం గానీ, స్వరాజ్య మైదానంలో ఎగ్జిబిషన్‌కు పోయి దిగిన ఫొటో గానీ ఎవరి దగ్గరైనా ఉంటే సంఘం ఆఫీసుకు తీసుకురాగలరు. నకలు తీసుకుని అసలు అప్పటికప్పుడే చేతికి ఇచ్చేస్తాము. ఫొటో వెనుక అందులో ఉన్నవాళ్ళ పేర్లు, తీసిన సంవత్సరం పెన్సిలుతో రాసి తెస్తే మా పని సగం తగ్గుతుంది. పెన్నుతో రాయవద్దు, సిరా అవతలికి దిగుతుంది.